టీఏల యూనియన్ ‘ప్రశ్నల సాయంత్రం’: పిలుపు దగ్గర్నుంచి బాకీ జవాబుల దాకా

అమెరికా యూనివర్సిటీల్లో కొత్త టీచింగ్ అసిస్టెంట్లు (టీఏలు), అంటే చదువుకుంటూనే క్లాసుల్లో, ల్యాబుల్లో బోధనకి సాయం చేసే విద్యార్థులు, ఆగస్టు చివర్లో చేరతారు. ఓరియెంటేషన్‌లో యూనియన్ వాళ్ళకి పది నిమిషాలు ఇస్తే ఇస్తారు, లేకపోతే అదీ లేదు. ఆ పది నిమిషాల్లో చేతిలో ఒక పాంఫ్లెట్ పడుతుంది, సాయంత్రానికి అది బ్యాగు అడుగుకి చేరుతుంది. అప్పటికి వాళ్ళకి అడగడానికి ఏమీ ఉండదు మరి. అసలు ప్రశ్నలు సెప్టెంబరు మూడో వారానికి మొదలవుతాయి. మొదటి జీతం వచ్చి ఉంటుంది, అనుకున్నదానికన్నా తక్కువ ఉంటుంది. ఫీజుల బిల్లు వచ్చి ఉంటుంది. మొదటి విడత ల్యాబ్ రిపోర్టులు టేబుల్ మీద గుట్టగా పడి ఉంటాయి.

సరిగ్గా అప్పుడు ఒక గదిలో టీ, తినడానికి ఏదో ఒకటి పెట్టి, ‘ఏమైనా అడగండి’ అని కూర్చోవడమే ప్రశ్నల సాయంత్రం. ఉపన్యాసాలు ఉండవు, తీర్మానాలు ఉండవు. చూడడానికి తేలికగానే ఉంటుంది కానీ తెర వెనక పని చాలా ఉంటుంది. డిపార్ట్‌మెంట్ స్టీవార్డ్‌గా, అంటే అక్కడ యూనియన్ ప్రతినిధిగా ఉన్నవాళ్ళకి, కొత్తగా ఆ పని నెత్తినేసుకుంటున్న మన తెలుగు పిల్లలకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పేస్తాను. ఎంతమంది వచ్చారు, ఎన్ని సభ్యత్వ కార్డులు నిండాయి అన్నది ఈ సాయంత్రానికి కొలత కాదు. జవాబు బాకీ పడిన ప్రశ్నలు ఎన్ని ఇంటికి తెచ్చుకున్నారు, వాటిలో ఎన్ని తీర్చారు అన్నదే నేను చూసేది.

ముందు మీ కాళ్ళ కింద నేల చూసుకోండి

యూనియన్ ఉన్నంత మాత్రాన అన్ని చోట్లా ఒకే బలం ఉండదు. మీ యూనివర్సిటీ ప్రభుత్వానిదా, ప్రైవేటుదా, ఏ రాష్ట్రంలో ఉంది అన్న దాన్ని బట్టి మీరు ఇవ్వగలిగే జవాబులే మారిపోతాయి.

ప్రైవేటు యూనివర్సిటీ అయితే కేంద్ర కార్మిక చట్టం వర్తిస్తుంది. 2016లో కొలంబియా యూనివర్సిటీ కేసులో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు, టీఏలు విద్యార్థులైనా ఉద్యోగులే అని తేల్చింది. అంతకుముందు 2000లో న్యూయార్క్ యూనివర్సిటీ కేసులో ఔనని, 2004లో బ్రౌన్ కేసులో కాదని అన్నది కూడా ఆ బోర్డే. అంటే ఇది బోర్డు సభ్యులు మారినప్పుడల్లా ఊగే తలుపు. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, కార్నెల్ లాంటి చోట్ల యూనియన్లు ఎన్నికలు గెలిచింది 2016 తీర్పు తర్వాతే.

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఆ రాష్ట్ర చట్టమే లెక్క. విస్కాన్సిన్-మాడిసన్‌లో టీఏల సంఘం 1966లో పుట్టి, 1970లో సమ్మె చేసి మొదటి కాంట్రాక్టు, అంటే జీతం, పని షరతుల మీద యూనివర్సిటీతో రాతపూర్వక ఒప్పందం, తెచ్చుకుంది. ఈ రకం యూనియన్లలో దానిదే అన్నిటికన్నా పాత చరిత్ర. 2011లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం మార్చాక ఆ బేరమాడే హక్కు పోయింది, సంఘం మాత్రం మిగిలింది. కాలిఫోర్నియాలో కథ వేరు. 2022 నవంబరు 14 నుంచి డిసెంబరు 23 దాకా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లన్నిట్లో కలిపి దాదాపు 48,000 మంది అకడమిక్ ఉద్యోగులు సమ్మెకి పిలుపిచ్చి, జీతాలు పెంచుకున్నారు. ఫ్లోరిడాలో 2023లో వచ్చిన చట్టం చందాలను జీతంలోంచి కోయడం ఆపేసింది. పైగా యూనిట్‌లో, అంటే యూనియన్ ఎవరి తరఫున బేరమాడుతుందో ఆ ఉద్యోగుల్లో, చందా కట్టే సభ్యులు 60 శాతం కన్నా తగ్గితే యూనియన్ మళ్ళీ గుర్తింపు కోసం వెళ్ళాలి. అక్కడ పెట్టే ప్రశ్నల సాయంత్రంలో సభ్యత్వం మాట ఎత్తకుండా కుదరదు.

ఇక టెక్సాస్. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) డాలస్, యూటీ ఆర్లింగ్టన్ లాంటి చోట్ల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల తరఫున యూనియన్ బేరమాడి కాంట్రాక్టు చేసుకోవడం, ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేయడం రెండూ చట్టం ఒప్పుకోదు. సంఘంలో చేరడానికి మాత్రం అడ్డు లేదు. నార్త్ కరోలినాలోనూ కాంట్రాక్టు మాట ఉండదు. అలాంటి చోట ‘కాంట్రాక్టు ప్రకారం’ అనే మాట నోట్లోంచి రాకూడదు. అపాయింట్‌మెంట్ లెటర్, గ్రాడ్యుయేట్ స్కూల్ పాలసీ, డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్, ఈ మూడే మీ ఆయుధాలు.

ఇంకో మాట. మీ యూనిట్‌లో ఎవరున్నారో సరిగ్గా తెలుసుకోండి. కొన్ని చోట్ల టీఏలు మాత్రమే ఉంటారు, రీసెర్చ్ అసిస్టెంట్లు బయట. గంటల లెక్కన పనిచేసే గ్రేడర్లు ఒకచోట లోపల, ఇంకోచోట బయట. ఎమ్మెస్‌కి వచ్చిన మన పిల్లల్లో చాలామంది చేసేది ఆ గ్రేడర్ పనే. ‘నాకు వర్తిస్తుందా?’ అని వాళ్ళు అడిగితే నీళ్ళు నమలకుండా చెప్పగలగాలి.

ఎవరిని పిలవాలి, ఎవరిని వద్దనాలి

ప్రొఫెసర్లను పిలవకండి. యూనియన్ అంటే ప్రాణమిచ్చే ప్రొఫెసర్ అయినా సరే, వద్దు. కోర్సు చెప్పే ఆయనే టీఏకి పని చెప్పేది, చాలాసార్లు సిఫార్సు లేఖ రాయాల్సింది కూడా ఆయనే. ఆయన గదిలో ఉంటే నోళ్ళు మూతపడతాయి. ‘సార్ చాలా మంచివారు’ అని ఎవరైనా అంటే, మంచివారు కాబట్టే వేరే రోజు కాఫీకి పిలుద్దాం అనండి. టీఏల డ్యూటీలు వేసే స్టాఫ్ కోఆర్డినేటర్ విషయంలోనూ అంతే.

క్యాంపస్ మొత్తానికి ఒకే పెద్ద మీటింగ్ కన్నా డిపార్ట్‌మెంట్‌కి ఒక చిన్నది నయం. కెమిస్ట్రీ టీఏ ప్రశ్నలు ల్యాబ్ గంటల గురించి ఉంటాయి, ఇంగ్లిష్ టీఏవి వ్యాసాలు దిద్దడం గురించి, కంప్యూటర్ సైన్స్ టీఏవి మూడు వందల మంది ఉన్న క్లాసులో మార్కులు మళ్ళీ చూడమనే రీగ్రేడ్ రిక్వెస్టుల గురించి. పన్నెండు, పదిహేను మంది వస్తే బ్రహ్మాండం. ఆరుగురు వచ్చినా నిరుత్సాహపడకండి, అప్పుడే లోతైన మాటలు బయటికొస్తాయి.

పిలుపు సంగతికొస్తే, వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పెట్టి ఊరుకుంటే ఎవరూ రారు. థంబ్స్అప్‌లు వస్తాయి, మనుషులు రారు. పెళ్ళికి బొట్టు పెట్టి పిలిచినట్టు ఒక్కొక్కరి ఆఫీసుకి వెళ్ళి పిలవాలి. డెస్కు దగ్గర నిలబడి, ‘గురువారం సాయంత్రం ఐదున్నరకి రెండో అంతస్తులో కూర్చుంటున్నాం, ఇన్సూరెన్స్ గురించి అప్పుడు అడిగావు కదా, ఆ విషయం తెలిసినామె వస్తోంది’ అంటే వస్తారు. రావడానికి వాళ్ళకంటూ ఒక కారణం దొరకాలి. ముందు రోజు ఒక మెసేజ్, ఆ రోజు మధ్యాహ్నం ఇంకొకటి చాలు.

ఈ మెసేజ్‌లు యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి పంపకండి. ఆ సర్వర్ వాళ్ళది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో అయితే సమాచార హక్కు లాంటి చట్టాల కింద ఆ మెయిళ్ళు బయటివాళ్ళు కూడా అడగొచ్చు. సొంత ఈమెయిల్, సొంత ఫోన్ వాడండి. పిలవడానికి టీఏలు క్లాసు చెప్తున్న సమయం వాడుకోకండి, విద్యార్థుల ముందు అసలే వద్దు.

గది, గంట, తిండి

శుక్రవారం సాయంత్రం పెట్టొద్దు. కొత్తవాళ్ళు వాల్‌మార్ట్‌కి వెళ్ళే రోజు అది, ఎవరో ఒకరి కారులో సీటు దొరికే రోజు. మంగళ, బుధ, గురువారాల్లో ల్యాబులు అయిపోయాక పెట్టండి. మిడ్‌టర్మ్ పేపర్లు దిద్దే వారం చూసి తప్పించండి. గంటం పావులో ముగించేస్తామని చెప్పి, ముగించేయండి. ఆ తర్వాత ఉండేవాళ్ళు ఉంటారు.

గది విషయంలో మీ కాంట్రాక్టు చూడండి. క్యాంపస్ గదులు వాడుకునే హక్కు చాలా కాంట్రాక్టుల్లో రాసి ఉంటుంది. లేకపోతే విద్యార్థి సంఘం పేరున గది బుక్ చేయొచ్చు, లేదా పబ్లిక్ లైబ్రరీ గది. డిపార్ట్‌మెంట్ చైర్ ఆఫీసుకి ఎదురుగా ఉన్న లాంజ్ మాత్రం వద్దు. వచ్చేవాళ్ళు వెనక్కి చూసుకుంటూ వస్తారు.

కుర్చీలు గుండ్రంగా వేయండి. ప్రొజెక్టర్ ఆపేయండి. స్లైడ్ వెలిగిన మరుక్షణం అది క్లాసు అయిపోతుంది, అందరూ విద్యార్థులైపోతారు.

తిండి దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. పిజ్జా తెప్పిస్తే సగం కన్నా ఎక్కువ వెజ్ తెప్పించండి. మాంసం తినేవాళ్ళు వెజ్ కూడా తింటారు, వెజ్ వాళ్ళకి ఇంకో దారి లేదు. అందుకే ఎప్పుడూ ముందు ఖాళీ అయ్యేది చీజ్ పిజ్జానే. పెపరోనీలో పంది మాంసం, గొడ్డు మాంసం రెండూ ఉండొచ్చు. మనవాళ్ళలోనూ, ముస్లిం విద్యార్థుల్లోనూ అది ముట్టనివాళ్ళు చాలామంది. ప్రతి డబ్బా మీద మార్కర్‌తో ఏముందో రాయండి. దగ్గర్లో ఇండియన్ స్టోర్ ఉంటే ఫ్రోజెన్ సమోసాలు, ఒక పెద్ద ఫ్లాస్కు నిండా టీ చవగ్గా తేలిపోతాయి. టీ చేతిలో ఉంటే మొహమాటస్తులు కూడా పది నిమిషాలు నిలబడతారు.

జవాబుల పుస్తకం

ఇదే అసలు తయారీ. కాంట్రాక్టు ఒక కాపీ ప్రింట్ తీసి, రంగు కాగితాలు అంటించండి. పని గంటలు ఒక రంగు, జీతం ఒకటి, ట్యూషన్ వేవర్ (ట్యూషన్ ఫీజు మాఫీ)-ఇతర ఫీజులు ఒకటి, ఇన్సూరెన్స్, సెలవులు, గ్రీవెన్స్ (కాంట్రాక్టు ప్రకారం రాసిచ్చే ఫిర్యాదు) గడువు. ఎవరైనా అడిగితే నోటితో చెప్పకుండా ఆ పేజీ తీసి వాళ్ళ చేతికే ఇవ్వండి. ‘సీనియర్లు చెప్పారు’ అనే మాట మీద బతికే మన సమాజంలో ఆ చదివించడం చాలా పని చేస్తుంది. సీనియర్ చెప్పింది మూడేళ్ళ కిందటి కాంట్రాక్టు అయి ఉండొచ్చు కదా.

గ్రీవెన్స్ గడువు ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. సంఘటన జరిగిన తర్వాత ఇన్ని రోజుల్లోపు రాసివ్వాలి అని కాంట్రాక్టులో ఉంటుంది. ఆ గడువు దాటితే ఎంత న్యాయమైన ఫిర్యాదైనా చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. సెప్టెంబరులో జరిగినదాన్ని డిసెంబరులో చెప్పుకుంటే చేయగలిగేది కొంచెమే.

తప్పకుండా వచ్చే ప్రశ్నలు ఇవి.

*చందా ఎంత?* సూటిగా అంకె చెప్పండి. జీతంలో ఎంత శాతం, మీ నెల జీతం మీద అది ఎన్ని డాలర్లు. ‘చాలా తక్కువే’ అంటే ఎవరూ నమ్మరు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో అయితే 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన జానస్ తీర్పు తర్వాత సభ్యులు కానివాళ్ళ దగ్గర ఫీజు వసూలు చేసే వీలు లేదు. ఇష్టమైతేనే కడతారు. ఆ మాట దాచకుండా చెప్పండి, తర్వాత తెలిస్తే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. ప్రైవేటు యూనివర్సిటీలో అది రాష్ట్ర చట్టం, కాంట్రాక్టు చెప్పినట్టు.

*ఎఫ్-1 వీసా మీద ఉన్నాను, చేరొచ్చా?* చేరొచ్చు. యూనియన్‌లో చేరడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఎఫ్-1 నియమాలు దాన్ని అడ్డుకోవు. కానీ ఇక్కడితో ఆపేసి, ‘భయపడొద్దు’ అని భుజం తట్టకండి. 2025 వసంతంలో వేలాది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల స్టేటస్ గురించి ప్రభుత్వం ఉంచే రికార్డులు) ఉన్నట్టుండి రద్దయ్యాయి, కోర్టుల్లో కేసులు పడ్డాక ఏప్రిల్ చివర్లో తిరిగి పెట్టడం మొదలుపెట్టారు. నిరసనల్లో మాట్లాడినందుకు వీసాలు పోయినవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో అమ్మ ఫోన్‌లో ‘గొడవల్లో తలదూర్చకు నాన్నా’ అంటే అది ఊరికే అన్న మాట కాదు. అందుకని జవాబుని రెండు ముక్కలు చేయండి: సభ్యత్వం ఒకటి, సమ్మె ఒకటి. సభ్యత్వం సంగతి మీరు చెప్పొచ్చు. సమ్మెలో పాల్గొంటే స్టేటస్ ఏమవుతుంది అన్నది మాత్రం ఇమిగ్రేషన్ లాయరే చెప్పాలి. యూనియన్ తరఫున లాయర్‌తో ఒక గంట ఎప్పుడు ఏర్పాటు చేస్తారో ఆ తేదీ చెప్పగలిగితే ఇంకా మంచిది.

*ప్రొఫెసర్‌కి తెలిస్తే?* సభ్యత్వ జాబితా డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళదు అని మీ దగ్గర నిజంగా అలాగే ఉంటేనే చెప్పండి. జీతంలోంచి చందా కోస్తే పేరోల్ ఆఫీసుకి తెలుస్తుంది, అదీ చెప్పాలి. యూనియన్‌లో ఉన్నందుకు కక్ష సాధించడం హక్కు ఉన్న చోట చట్టవిరుద్ధమే, కానీ సిఫార్సు లేఖలో తగ్గిన వెచ్చదనాన్ని ఏ చట్టమూ పట్టుకోలేదు. ఆ నిజం ఒప్పుకునే స్టీవార్డ్ మాటకే విలువ.

*ట్యూషన్ వేవర్ పోతుందా?* ఈ ప్రశ్నకి చరిత్రే సాక్ష్యం. 2018లో ఇల్లినాయ్ యూనివర్సిటీ, అర్బానా-షాంపేన్ టీఏలు సమ్మెకి దిగిన ప్రధాన కారణం వేవర్ల రక్షణే. మీ కాంట్రాక్టులో వేవర్ మాట ఏ వాక్యంలో ఉందో చూపించండి. వేవర్ ఉన్నా ఫీజులు వేరుగా పడతాయి అన్న సంగతి కొత్తవాళ్ళలో సగం మందికి తెలియదు.

పన్నుల ప్రశ్నలు కూడా వస్తాయి. ఎఫ్-1 మీద నాన్ రెసిడెంట్‌గా ఉన్న మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండకూడదు. పే స్లిప్‌లో కోత కనిపిస్తే పేరోల్‌కి రాయమనండి. ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కలో ఆదాయంలోంచి తీసేసే స్థిరమైన మొత్తం) తీసుకోవచ్చు, చాలా దేశాల వాళ్ళకి అది లేదు. అంతకు మించి మీరు పన్నుల నిపుణులు కాబోకండి.

ఆ గంటం పావు

నలుగురు చాలు. ఒకరు తలుపు దగ్గర, ఒకరు మాట నడిపించడానికి, ఒకరు జవాబులకి, ఒకరు రాసుకోవడానికి. రాసేవాళ్ళు జవాబులు చెప్పకూడదు, రెండూ కలిస్తే రెండూ పాడవుతాయి.

తలుపు దగ్గర చిన్న కాగితాలు, పెన్నులు పెట్టండి. రాగానే ఒక ప్రశ్న రాసి డబ్బాలో వేయమనండి, పేరు వద్దు. గదిలో చేయెత్తి అడిగేవి మర్యాద ప్రశ్నలు, డబ్బాలోంచి వచ్చేవి నిజం ప్రశ్నలు. ఫొటోలు తీయడం లేదని మొదటే చెప్పండి. సోషల్ మీడియా కోసం ఒకటి కావాలంటే తిండి టేబుల్ ఫొటో తీసుకోండి. సంతకాల షీట్ తప్పనిసరి చేయకండి, నంబర్ ఇవ్వాలనుకున్నవాళ్ళు ఇస్తారు.

మొదటి ఐదు నిమిషాలు ఎవరెవరో చెప్పుకోవడం, రెండు నిమిషాలు నియమాలు: ఇక్కడి మాట బయటికి వెళ్ళదు, తెలియనిదాన్ని తెలియదంటాం. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పాలి, చాలామంది మర్చిపోతారు. చాలా యూనివర్సిటీల్లో లైంగిక వేధింపుల సంగతి చెవిన పడితే టీఏ కూడా దాన్ని యూనివర్సిటీ ఆఫీసుకి రిపోర్ట్ చేయాల్సిందే. స్టీవార్డ్‌గా మీరూ టీఏనే కదా. ఎవరో నమ్మి మీకు చెప్పేశాక ‘నేను రిపోర్ట్ చేయాలి’ అంటే అది ద్రోహంలా ఉంటుంది. ‘అలాంటి విషయాలు ఉంటే వివరాలు నాకు చెప్పకముందే రహస్యంగా ఉంచగలిగే కౌన్సెలర్ ఎవరో చెప్తాను’ అని ముందే అనేయండి.

తర్వాత డబ్బా తెరవండి. జవాబు రెండు నిమిషాలు దాటకూడదు. జవాబు కన్నా ఎదురు ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది. ఉదాహరణకి పని ఎక్కువైపోతోందని ఒక ఫిజిక్స్ టీఏ అన్నాడనుకోండి, సంభాషణ ఇలా నడవాలి.

‘నీ అపాయింట్‌మెంట్ ఎంత?’

‘ఫిఫ్టీ పర్సెంట్ అన్నా.’

‘అంటే వారానికి 20 గంటలు. ల్యాబులెన్ని?’

‘రెండు. ఒక్కోటి మూడు గంటలు.’

‘ఆరు. ఆఫీస్ అవర్స్?’

‘రెండు. లెక్చర్‌కి కూడా కూర్చోమన్నారు, అది మూడు. సోమవారం టీఏ మీటింగ్ ఒక గంట.’

‘పన్నెండు అయ్యాయి. రిపోర్టులు?’

‘అరవై. ఒక్కోదానికి పది, పన్నెండు నిమిషాలు పడుతుంది.’

‘పన్నెండు చొప్పున వేస్తే పన్నెండు గంటలు. మొత్తం ఇరవై నాలుగు.’

అక్కడ ఆగండి. మీరేమీ అనక్కర్లేదు. పక్కనున్న ఇద్దరు వేళ్ళు మడుస్తూ తమ లెక్క వేసుకుంటూ ఉంటారు. ఎఫ్-1 మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్ పని 20 గంటలు దాటకూడదన్న నియమం వాళ్ళందరికీ కంఠతా వచ్చు. అది తమ మీద పడే ఆంక్ష అనే ఇన్నాళ్ళూ అనుకున్నారు, ప్రొఫెసర్‌కి గుర్తుచేయదగ్గ హద్దు కూడా అని ఎవరూ చెప్పి ఉండరు. తర్వాతి అడుగు చిన్నదే: రెండు వారాల పాటు రోజూ ఎన్ని గంటలు చేశావో రాసి పెట్టు, అది పట్టుకుని ముందు ప్రొఫెసర్ దగ్గరికి మర్యాదగా వెళ్దాం, రిపోర్టులకి రూబ్రిక్ (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక) పెట్టి సమయం తగ్గిస్తారా, లెక్చర్‌కి రావడం మానేయమంటారా అని అడుగుదాం. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే గ్రీవెన్స్.

ఇండియాలో ఎంటెక్ చేసినవాళ్ళకి టీఏ పని కొత్త కాదు. గేట్ స్కాలర్‌షిప్ నెలకి 12,400 రూపాయలు, దానికి బదులుగా వారానికి 8 గంటల పని. అక్కడ ఆ గంటల్ని ఎవరూ లెక్కపెట్టరు, అడిగేవాళ్ళూ ఉండరు. ఆ అలవాటుతోనే ఇక్కడికి వస్తాం. అందుకే లెక్కపెట్టడం అనే పనే మనవాళ్ళకి కొంచెం గొడవ పెట్టుకున్నట్టు అనిపిస్తుంది.

గది చేయి దాటే సందర్భాలు

ప్రతి గుంపులోనూ ఒక వక్త ఉంటాడు. ప్రశ్న అని మొదలుపెట్టి ప్రపంచ కార్మిక చరిత్ర చెప్తాడు. ‘దీని గురించి అయ్యాక మాట్లాడదాం, ముందు డబ్బాలోవి తీద్దాం’ అని నవ్వుతూ తెంచేయండి. డబ్బా ఉండడంలో ఉన్న లాభం ఇదే, నెపం దానిమీద పెట్టొచ్చు.

యూనియన్ అంటే ఇష్టం లేనివాళ్ళు వస్తే సంతోషించండి. వాళ్ళు అడిగే పదునైన ప్రశ్న మిగతావాళ్ళు మనసులో అనుకుంటున్నదే. గెలవాలని వాదించకండి. ‘నా చందాకి ఏం వచ్చింది?’ అంటే పోయిన కాంట్రాక్టుకి ముందు జీతం ఎంత, ఇప్పుడెంత చెప్పండి. రాని వాటిని కూడా చెప్పండి.

కొత్తగా యూనియన్ కట్టుకునే దశలో ఉన్నవాళ్ళయితే, యూనియన్ కావాలని సంతకం పెట్టే కార్డుల విషయంలో జాగ్రత్త. ప్రైవేటు యూనివర్సిటీలో ఎన్నిక అడగడానికి కనీసం 30 శాతం మంది సంతకాలు కావాలి. ఆ కార్డులు బోర్డు చూస్తుంది కానీ యాజమాన్యానికి చూపించదు. ‘ఊరికే ఒక సంతకం’ అని ఎవరిచేతా పెట్టించకండి. చదివి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు ఇస్తానంటే ‘సరే’ అనండి. రేపు అడగడం మాత్రం మర్చిపోవద్దు.

భాష సంగతి. నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే మాట దానంతటదే తెలుగులోకి జారుతుంది, పక్కనున్న ఇరాన్ అమ్మాయి, చైనా అబ్బాయి ఫోన్లు తీస్తారు. సమావేశం నడుస్తున్నంత సేపూ ఇంగ్లిష్‌లోనే ఉండండి. కానీ అసలు భయాలు సొంత భాషలోనే బయటికొస్తాయన్నది కూడా నిజం. అందుకే అయిపోయాక డబ్బాలు సర్దే నెపంతో ఒక తెలుగు స్టీవార్డ్, ఒక చైనీస్ తెలిసిన స్టీవార్డ్ వెనక ఉండిపోవాలి. ‘అన్నా, ఒక్క నిమిషం’, ‘అక్కా, మీతో కొంచెం మాట్లాడాలి’ అనే మాటలు అప్పుడొస్తాయి.

అప్పుడు వచ్చే ప్రశ్నల్లో ఒకటి మీకు ముందే తెలిసి ఉండాలి. క్యాంపస్ బయట, గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బు తీసుకుని పనిచేస్తున్నవాళ్ళు ఉంటారు. అనుమతి లేని ఆ పని ఎఫ్-1 స్టేటస్‌కే ముప్పు. నలుగురిలో ఎవరైనా ఆ మాట ఎత్తితే అక్కడే ఆపేయండి, కాగితం మీద రాయకండి, వివరాలు అడగకండి, లాయర్ దగ్గరికి పంపండి. అది యూనియన్ తీర్చగలిగేది కాదు, స్టీవార్డ్ మోయాల్సిందీ కాదు.

అలాగే ‘రేపు నన్ను మీటింగ్‌కి రమ్మన్నారు, ఎందుకో చెప్పలేదు’ అని ఎవరైనా అంటే మిగతావన్నీ పక్కనపెట్టండి. క్రమశిక్షణ చర్యకి దారి తీయగల విచారణలో యూనియన్ ప్రతినిధిని పక్కన కూర్చోబెట్టుకునే హక్కు 1975 నాటి వైన్‌గార్టెన్ తీర్పుతో వచ్చింది. ప్రభుత్వ రంగంలో కూడా చాలా రాష్ట్రాల్లో అలాంటి హక్కే ఉంది. కానీ ప్రతినిధి కావాలని ఉద్యోగి నోరు తెరిచి అడగాలి, ఎవరూ అడక్కుండా ఇవ్వరు. ఆ వాక్యం వాళ్ళ ఫోన్‌లో టైప్ చేసి ఇవ్వండి: ‘ఈ మీటింగ్ క్రమశిక్షణ చర్యకి దారి తీసేదైతే నా యూనియన్ ప్రతినిధి ఉండాలని కోరుతున్నాను.’ ఇంగ్లిష్‌లోనే ఇవ్వండి, టెన్షన్‌లో అనువాదాలు గుర్తురావు.

తర్వాతి రెండు రోజులు

రాసుకున్నవి అదే రాత్రి శుభ్రంగా తిరగరాయండి. పేరు, ప్రశ్న, ఏం చెప్పాం, ఏం బాకీ ఉంది. ఆ కాగితం యూనివర్సిటీ డ్రైవ్‌లో పెట్టకండి. బాకీ ఉన్నవాటికి నలభై ఎనిమిది గంటల్లో జవాబు వెళ్ళాలి. జవాబు దొరక్కపోతే ‘ఇంకా కనుక్కుంటున్నాం, సోమవారం చెప్తాను’ అని వెళ్ళాలి. డెంటల్ బిల్లు గురించి అడిగినమ్మాయికి రెండు రోజుల్లో ఇన్సూరెన్స్ బుక్‌లెట్ పేజీ ఫొటో వెళ్తే, ఆమె తన ల్యాబులో ఇంకో నలుగురికి చెప్తుంది. మూడు వారాలు ఏ కబురూ లేకపోతే ఆ సంగతీ చెప్తుంది.

తర్వాత ప్రశ్నలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే కోర్సు నుంచి ముగ్గురు గంటల గురించి అడిగితే అది ముగ్గురి బాధ కాదు, ఆ కోర్సు సంగతి. ముగ్గురూ కలిసి వెళ్తే ప్రొఫెసర్ దగ్గర మాట వేరుగా ఉంటుంది. ఇద్దరు టీఏలు తమ భార్యలకి, అంటే ఎఫ్-2 డిపెండెంట్లకి, ఇన్సూరెన్స్ ఖరీదు గురించి అడిగితే అది వచ్చే బేరసారాల కమిటీకి పంపాల్సిన అంశం. పంపినట్టు ఆ ఇద్దరికీ చెప్పండి.

గంటలు రాసుకోమన్నవాళ్ళని రెండో వారం చివర పలకరించండి. సగం మంది రాసి ఉండరు. కోప్పడకుండా, ఈ వారం ఒక్కటీ కలిసి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయండి.

రెండో సాయంత్రం నవంబరు మొదటి వారాల్లో, థాంక్స్‌గివింగ్ సెలవులకి ముందే పెట్టండి. అప్పటికి వసంత సెమిస్టర్ అపాయింట్‌మెంట్ లెటర్లు వస్తూ ఉంటాయి, రానివాళ్ళకి గుండె దడ మొదలవుతుంది, ఫైనల్స్ దిద్దే పని ఇంకా మీద పడదు. ఆ లెటర్లు వెంట తెమ్మని చెప్పండి. శాతం, తేదీలు, జీతం, వేవర్ ఈ నాలుగూ పోయినదానితో పోల్చి చూడడానికే ఆ సాయంత్రం సరిపోతుంది.